అన్నం పెట్టిన ముఖం

మా మేనత్త పోయింది. మొన్న శుక్రవారం పొద్దున, సర్కారు దవాఖానల, మా నాయన చేతిల చెయ్యి పెట్టి "చాయ తాగినవా తమ్మీ" అని అడిగి, జవాబు వినకుండనే పోయింది. నేను ఆ టయానికి చౌరస్తల, రాష్ట్రం కోసం ఏసిన దీక్ష టెంటు కాడ ఉన్న. ఫోన్ల మా చెల్లె మాట సాంతం చెప్పలేకపోయింది. ఏడుపు వినవడ్డది, అర్థమైంది.

దుఃఖం జర తగ్గినంక నిమ్మళంగ రాద్దామనుకున్న. గని సంతాప సభల ఒక మాట విన్న. ఆ మాట మెదక్ అంత తిరిగి గట్టిపడకముందే రాయాలె.

సభ పెట్టింది మా గల్లీ యువజన సంఘపోల్లు. మంచి మనసుతోనే పెట్టిండ్రు, కాదన. ఫోటోకు బంతిపూల దండ ఏసిండ్రు, మౌనం పాటించిండ్రు. ఆ తర్వాత ఒక పెద్దమనిషి మైకు పట్టిండు. పేరు రాయను. గొంతు పెంచి అన్నడు: "ఈ తల్లి మామూలు మనిషి కాదు! పెనిమిటి కన్ను తీసినోన్ని కండ్లార చూసి గూడ, కోర్టుల నిలబడి చూడలేదని చెప్పింది. ఎందుకు? ఉద్యమం కోసం! మన పిలగాన్ని కాపాడెతందుకు అబద్ధం ఆడిన వీరనారి!"

చప్పట్లు కొట్టిండ్రు.

నేను లేచి "అబద్ధం ఆడలే" అని ఒర్రిన. మైకు లేని గొంతు ఎంత దూరం పోతది? మా చిన్నాయన నా అంగి పట్టి గుంజి కూసోపెట్టిండు. "సావు కాడ లొల్లి ఎందుకుర? మంచే చెప్తుండు గద." అత్త పెనిమిటి, మా మామ, ముందు కుర్చీల తల వంచుకొని కూసున్నడు. దండల నుంచి రాలిన రేకు ఒకటి ఏళ్ల నడుమ నలుపుతుండు.

మంచే చెప్పిండట! మా అత్తకు అబద్ధం ఆడొస్తే గింత గోస పడేదే కాదు. అసలు ఏం జరిగిందో చెప్త, మీరే ఇనుండ్రి.

అత్త మా నాయనకు అక్క. మా ఇంటెన్క గల్లీల ఆమె ఇల్లు. పొద్దున వంట కాంగనే అరుగు మీద కూసొని చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆకు కత్తిరించుడు, పొగాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. చేతులు వాటి పని అవి చేసుకునేటియి, నోరు దాని పని అది చేసుకునేది. మా ఇంటోల్లల్ల ఎవలు ఎప్పుడు పుట్టిండ్రు, ఎవల పెండ్లిల ఎవలు అలిగి పీట మీదికెల్లి లేచిండ్రు, ఏ ఏడు ఎవల బోనం ముందు నడిచింది, అన్నీ ఆమెనే అడగాలె. నన్ను బళ్లె ఏసేటప్పుడు గూడ నా పుట్టిన దినం ఆమెనే చెప్పింది. "మక్క కంకి పాలు పట్టినప్పుడు పుట్టిండు, గట్లనే రాసుకోమను మీ సార్‌ను" అన్నదట. ఇంట్ల ఇద్దరు కొట్లాడుకుంటే "నడువుండ్రి, అత్త సాచ్చెం అడుగుదాం" అనేటోల్లు. ఆమె చెప్పిందంటే అయిపాయె, అప్పీలు లేదు.

గంత నమ్మకం ఉన్న మనిషికే గిది అయింది.

మామకు అప్పుడు ట్రాక్స్ బండి ఉండె. మెదక్ నుంచి టేక్మాల్ దాక మనుషులను ఎక్కించుకొని నడిపేటోడు. బస్సులు తక్కువై, ప్రైవేటు బండ్లు కొత్తగ మస్తుగ దిగిన కాలం అది. ఆ దినం రాస్తారోకో ఉన్నదని ఎరుకుండి గూడ బండి తీసిండు. టేక్మాల్ల సుట్టాలింటికి పురుడు చూడ పోయిన అత్తను తీస్కరావాలె. వాపస్ వస్తుంటే ఊరు బయట మా వాళ్లు రోడ్డు కట్టేసి ఉన్నరు. రోడ్డు నడుమ మూడు రాళ్లు పెట్టి వంటావార్పు. చూడనోల్లకు చెప్త: బండ్లు ఆపినోల్లే, ఆగినోల్లకు అన్నం పెడ్తరు. లారీ డ్రైవరైనా సరే, పెండ్లోల్లైనా సరే, బందోబస్తుకు వచ్చిన పోలీసాయన అయినా సరే, ఇస్తారి ముందల కూసుంటే కాదనరు. మా కొట్లాటల నాకు అన్నిటికన్న నచ్చింది గదే. అత్త గూడ కొంగు నెత్తి మీదికి గుంజుకొని రోడ్డు మీద బంతిల కూసున్నది. కిచిడీ, పచ్చిపులుసు తిన్నది.

పొద్దు గుంకే యాళ్లకు రోడ్డు ఇడిచిండ్రు. బండ్లు ఒకదానెన్క ఒకటి కదిలినయి. ఎవడో ముందుగాల పోదామని హారన్ కొట్టిండట, ఎవడో తిట్టిండట. ఆ ముచ్చట ఎవరిని అడిగితే వాళ్లు ఒక తీరు చెప్తరు. రాయి వచ్చిన మాట మాత్రం నిజం. ముందద్దం పగిలి రాయి, పెంకులు మామ ఎడమ కంట్ల పడ్డయి. పక్క సీట్లనే ఉన్న అత్త తల తిప్పి చూసే వరకు చేన్ల పడి ఒకడు ఉరుకుతుండు. ఒక్కసారి ఎనక్కి తిరిగి చూసిండు. ఆమె చూసింది గంతే.

హైదరాబాద్ దవాఖానకు తీస్కపోయినం. కన్ను దక్కలే.

రాస్తారోకోల ఉన్న పోరగాండ్లను కొందరిని పోలీసోల్లు పట్టుకపోయిండ్రు. కొన్ని దినాలకు జైలుకు వచ్చి గుర్తుపట్టాలని అత్తకు కబురు వచ్చింది. పిలగాండ్లను వరుసగ నిలబెట్టిండ్రు. మేజిస్ట్రేటు సార్ "వీళ్లలో ఉన్నాడా అమ్మా? ఉంటే ముట్టి చూపించు" అన్నడట. అత్త వరుస ముందల నడిచింది. ఒకని కాడ కాళ్లు ఆగినయి.

"వాని ముఖం చూసిన అల్లుడా," అని తర్వాత నాకు చెప్పింది. "ఈ ముఖం నాకు ఎరుకే అని కడుపుల నుంచి వచ్చింది. ఎవలు చెప్పలే, ఎవలు చూపియ్యలే. నా చెయ్యే పోయింది."

భుజం ముట్టింది. ఆ పిలగాడు కుల్చారం దిక్కు ఊరోడు. డిగ్రీ చదువుకుంట, కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం రోజు పొద్దున ఉరుకుడు నేర్చుకుంటున్నడు. అత్త చెయ్యి పడంగనే వాడు "అత్తా, నేను కాదు" అన్నడట. మన దిక్కు తెల్వని ఆడోల్లను గూడ అత్తా అనే పిలుస్తం గద. ఆమె ఆ పిలుపు పట్టించుకోలే. పెనిమిటి కన్ను కట్టు మీద రక్తం ఆరని దినాలవి.

ఆ తర్వాత అరుగు మీద రోజు గదే ముచ్చట. బీడీలు చుట్టే ఆడోల్లు అడిగేటోల్లు, అత్త చెప్పేది. నేను ఇంట్లకెల్లి వినేటోన్ని.

"గాడేనా వదినె? ఎర్రంగి అంటివి?"

"ఎర్రంగేనా?" అత్త కత్తెర ఆగింది.

"అయ్యో, మొన్న నువ్వే అనకపోతివా!"

"అన్ననేమో. ఎర్రంగే."

ఆ దినం నుంచి ఎర్రంగి. తర్వాత ఆ అంగికి పైగుండీ ఊడి ఉన్నది. ఇంకొన్ని దినాలకు ఉరికేటోడు ఎనక్కి తిరిగి నవ్విండు గూడ. ఎవలు అబద్ధం ఆడుతలేరు. అడిగేటోల్లు ప్రేమతోని అడిగిండ్రు, అత్త నిజమే చెప్తున్న అనుకొని చెప్పింది. చెప్పంగ చెప్పంగ, తొక్కంగ తొక్కంగ బాట గట్టిపడ్డట్టు గట్టిపడ్డది.

కోర్టుల సాక్ష్యం ఇంక కొన్ని వారాలల్ల ఉన్నదనంగ కుల్చారంల సుట్టాల పెండ్లి అయింది. బంతిల నేను అత్త పక్కన్నే కూసున్న. పెట్టేటోడు బకెటు పట్టుకొని వంగి, "అత్తా, జర ఇంకింత ఎయ్యాల్నా?" అన్నడు. అత్త తల ఎత్తింది. చెయ్యి ఇస్తారి మీద అట్లనే ఉండిపోయింది. వాడు పెండ్లిపిల్ల తమ్ముడు. అత్త వానికెల్లి చూస్తున్నది గని వాన్ని చూస్తలేదు.

"ఏమైంది అత్తా? గొంతుల పడ్డదా?"

నీళ్లు తాగింది. "అల్లుడా, చేన్ల ఉరికేటోడు ఎంత దూరంల ఉండె?"

"నాకేం ఎరుక? చేను నడుమ అని నువ్వే అంటివి."

"చేను నడుమ ఉన్నోని మీసం మీద చెమట కనవడ్తదా?"

నాకు అర్థం కాలే. ఆమెకు అయింది. ఇస్తారి ఇడిచి లేచి పోయి చెయ్యి కడుక్కున్నది. పెండ్లిండ్ల బంతి నడుమ లేచుడు మంచిది కాదని మాకు నేర్పిన మనిషి.

సంగతి ఏందంటే, ఆమె యాదిల ఆ ముఖం ఎప్పుడు వచ్చినా దగ్గరికెల్లి వచ్చేదట. మీదికెల్లి వంగి చూసేదట. మీసం మీద చెమట బొట్లు, దవుడకు అంటిన మెతుకు. పారిపోయేటోడు ఎట్ల వంగి చూస్తడు? వాని దవుడ మీద మెతుకు ఎందుకుంటది? అది రోడ్డు మీద కిచిడీ పెట్టిన పిలగాని ముఖం. జైలు వరుసల అన్ని తెల్వని ముఖాలు, తెలిసింది గదొక్కటే. తెలుసు అని మనసు చెప్పింది, ఎక్కడ తెలుసో చెప్పలే. ఆ ఖాళీని కోపం నింపింది.

నేను అప్పటికే హక్కుల సంఘపోల్లు పంచే కరపత్రాలు, మీటింగుల కాడ గుడ్డ పరిచి అమ్మే చిన్న చిన్న పుస్తకాలు ఒకటి ఇడువకుండ చదివేటోన్ని. ఒకదాంట్ల గిదే ముచ్చట దొరికింది. మనిషి యాది పెట్టెల దాసిన ఫోటో కాదట, అడిగినప్పుడల్ల మల్ల కట్టుకునే గోడ అట. కట్టేటప్పుడు ఒకతాన చూసిన ముఖం తెచ్చి ఇంకోతాన అతికిస్తదట. గట్టిగ చెప్పినంత మాత్రాన నిజం కావాలని లేదట. ఎగురుకుంట పోయి అత్తకు చదివి వినిపించిన.

"అత్తా, నీకైన దానికి పేరు గూడ ఉన్నది!"

"పేరున్నదా? మంచిది. పేరున్న రోగానికి మందు ఉంటదంటరు. ఆ పిలగాడు జైల్ల ఉన్న నెలలకు ఏం మందు రాసిండ్రు దాంట్ల?"

పుస్తకం మూసిన.

కోర్టుల ఏం చెప్పాలె అనే కాడ ఆమెకు నాకు పెద్ద లొల్లి అయింది. పోలీసోల్లే ముందుగాల వాన్ని చూపిచ్చిండ్రని చెప్పు అన్న. కేసు కేసే పోతది, ఉద్యమానికి గూడ బలమైతది అన్న. అత్త ఆకులు తడుపుకుంట, నా మొఖం చూడకుండ అన్నది: "కన్ను చేసిన తప్పుకు నోరుతోని ఇంకో తప్పు చెయ్యాల్నా?" నేను కోపంల చాట తన్నినంత పని చేసి బయటికొచ్చిన.

నాతోనిదేమున్నది, నేను అల్లున్ని. అసలు చెప్పవలసింది మామకు. ఆ దినం నేను గడప కాడ ఉన్న. అత్త ఆయన ముందల కూసొని, దాచకుండ, వంకలు పెట్టకుండ మొత్తం చెప్పింది.

"నా కన్నైతే రాయి తిన్నది. నీ కండ్లకేమైందే?"

"కండ్లు చూసినయి. చూసింది ఒకతాన, చెప్పింది ఒకతాన."

"వాడు కాకపోతే మరెవడు?"

"నాకు ఎరుకలే."

"ఎవడో ఒకడు ఉండాలె గదనే!" మామ ఒర్రిండు. అప్పటికే బండి అమ్ముకున్నడు. వేరేటోల్ల బండ్ల కాడ నిలబడి "టేక్మాల్, టేక్మాల్" అని మనుషులను పిలిచే పనిల చేరిండు. ఆ దుఃఖానికి ఒక పేరు, ఒక ముఖం దొరికిందనుకున్నడు. పెండ్లాం వచ్చి దాన్ని గుంజుకుంటున్నది.

అత్త అన్నది: "ఎవడో ఒకడు కావాల్నా, రాయి కొట్టినోడే కావాల్నా?"

మామ చెప్పులేసుకొని అడ్డా మీదికి పోయిండు. ఆ తర్వాత నెలల తరబడి ఆమె పెట్టిన బువ్వ తిన్నడు గని, ఉప్పు తక్కువైందన్న మాట గూడ అనలే.

కోర్టు దినం అత్త కట్టుకున్నది నీలం చీర అని నాకు యాది. మా చెల్లె పచ్చ చీర అంటది. మేమిద్దరం ఒక్కతాన్నే నిలబడి చూసినం. గిది అత్త వింటే ఎంత నవ్వేదో!

సర్కారు వకీలు ముందుగాలనే ఆమెను పక్కకు పిలిచి చెప్పిండు, "అమ్మా, ఎక్కువ ఆలోచించకు. జైల్లో చూపించావు, ఇక్కడా చూపించు. నష్టపోయింది మీ ఆయనే కదా" అని. బోనుల నిలబెట్టినంక అడిగిండు: "రాయి విసిరిన వ్యక్తి ఇక్కడ ఉన్నాడా?"

"ఈ పిలగాన్ని నేను చూసిన సారూ."

వకీలు ఖుషీ అయిండు. "ఎక్కడ చూశావు?"

"రోడ్డు మీద. అన్నం పెడుతుంటే చూసిన. రాయి కొడుతుంటే చూడలే."

కోర్టుల గుసగుస లేచింది. జడ్జి సార్ కలం కింద పెట్టిండు. "మరి జైల్లో ఇతన్నే ఎందుకు చూపించావమ్మా?"

"ముఖం ఎరుకైంది. ఎక్కడ ఎరుకనో గప్పుడు తెల్వలే. తెల్వకుండనే తెలుసని చెప్పిన."

"ఎవరైనా బెదిరించారా? భయపడకుండా చెప్పు."

"ఎవలన్న బెదిరిస్తే గింత భయం ఉండకపోవు సారూ. నా కండ్లంటే నాకే భయమైతుంది."

ఆ మాట అన్నప్పుడు ఆమె చేతులు చూసిన. ఏళ్లు ఊరికెనే కదులుతున్నయి, లేని ఆకు చుట్టుకుంట.

కేసు కొట్టేసిండ్రు. పిలగాడు బయటికొచ్చిండు. ఒక దినం బత్తాయిలు పట్టుకొని ఇంటికొచ్చి కాళ్లు మొక్కబోయిండు. అత్త ఎనక్కి జరిగింది. "నేను నీకు మేలు చెయ్యలే కొడుకా. చేసిన కీడు వాపస్ తీస్కున్న. అది గూడ సగమే." మామ మంచం మీద కూసొని ఉన్నడు. మొదటిసారి వానితోని మాట్లాడిండు.

"ఉరుకుడు నేర్చుకుంటున్నవట?"

"ఇడిచిపెట్టిన మామా. సెలక్షన్లు అయిపోయినయి. మల్ల వచ్చేటాలకు వయసు దాటుతది."

అత్త బత్తాయి ఒలిచి ఇద్దరి చేతులల్ల పెట్టింది. తను తినలే.

ఇప్పుడు చెప్పుండ్రి. ఉద్యమం కోసం అబద్ధం ఆడింది అంటే ఏమన్నట్టు? రాయి కొట్టింది ఆ పిలగాడే అన్నట్టు. చచ్చిపోయిన మనిషి చెయ్యి తెచ్చి మల్ల వాని భుజం మీద ఏసినట్టు. పొగుడుతున్నమనుకుంట, ఆమె పానం పెట్టి తీసిన మచ్చను మల్ల వానికి పూస్తున్నరు. వాడు ఇప్పుడు రేగోడ్ కాడ పెట్రోల్ బంకుల పని చేస్తున్నడు. రేపు బంకు కాడికి ఎవడన్న వచ్చి "నువ్వే గద ఆ రాయి కొట్టి తప్పించుకున్నోనివి, శాబాష్" అంటే వాడు ఏమనాలె? రాష్ట్రం వస్తది, నాకు నమ్మకం ఉన్నది. గని అది నిజం మీద నిలబడాలె గని, ఒక బీడీల తల్లి ఆడని అబద్ధం మీద నిలబడొద్దు.

ఆ కేసు తర్వాత అత్త మాట తీరే మారింది. "చూసిన" అనుడు బంద్ చేసింది. "చూసిన అనుకుంటున్న" అనేది. మేమేమన్న ఊరి ముచ్చట తెస్తే, "కండ్లతోని చూసినవా, మంది నోట్లకెల్లి చూసినవా?" అని అడిగేది. గల్లీ ఆడోల్లు ఎక్కిరిచ్చేటోల్లు. "వదినె, నేను నీ మరదలినే గద? నిజమేనా, అనుకుంటున్నవా?" అత్త ఎగాదిగా చూసి "ముక్కైతే గదే ఉన్నది" అనేది. అందరు నవ్వేటోల్లు. ఆమె గూడ నవ్వేది. గని పిల్లల పుట్టిన దినాలు అడిగితే మాత్రం "నన్ను అడగకుండ్రి" అని ఇంట్లకు పోయేది. అప్పుడు నాకు మస్తు బాధైతుండె. మా అందరి కోర్టు అట్ల మూతపడ్డది.

దవాఖానల పడ్డంక ఒక మాపటాల నన్ను దగ్గరికి పిలిచింది. షుగరు కాళ్లను తిన్నది, గుండె మీదికి వచ్చింది. "అల్లుడా, ఆ పిలగాని ముఖం యాదికి తెచ్చుకుందామంటే వస్తలేదు" అన్నది. "అప్పుడు గంత గట్టిగ ఉండె. మీసం మీద చెమట గూడ ఉండె. ఇప్పుడు బువ్వ పెట్టే చెయ్యి కనవడ్తది, మీద ముఖం లేదు. వాన్ని ఒకసారి తీస్కరారాదు? తప్పు లేకుండ చూసుకుంట." పోయి చెప్పిన. వాడు శుక్రవారం డ్యూటీ దిగి వచ్చిండు. అప్పటికే ఆలస్యమైంది. గుడ్డ కప్పిన కాళ్ల కాడ నిలబడి, అత్తా అని పిలిచిండు.

సభ అయిపోయినంక మామ ఒక్కడే ఇంటి దిక్కు నడుస్తుండు. నేను ఉరికి కలుసుకున్న. నా కోపం ఇంక దిగలే. "అబద్ధం ఆడిందన్నరు. అందరి ముందల అన్నరు. నువ్వేం అనకపోతివి మామా?"

మామ నడుసుకుంటనే అన్నడు, "దానికి అబద్ధం ఆడరాదురా. ఆడొస్తే నాకు ఒకడు దొరికేటోడు."

చౌరస్తకు వచ్చినం. మామ రోడ్డు అంచున ఆగిండు. ఎడమ దిక్కుకెల్లి ఆటోలు వస్తున్నయి, ఆ దిక్కు ఆయనకు కనవడది. బయటికి పోతే అత్త ఎప్పుడు ఆ పక్కనే నడిచేది. నేను కుడి పక్కన ఉన్న. ఆయన నాకెల్లి చూడలే. ఎడమ చెయ్యి పక్కకు చాపిండు, అరచెయ్యి తెరిచి, ఎవలో పట్టుకొని దాటిస్తరన్నట్టు. ఒక ఆటో పోయింది, ఎన్క ఒక ట్రాక్స్ పోయింది. రోడ్డు ఖాళీ అయింది. మామ చెయ్యి అట్లనే చాపి నిలబడ్డడు.